ఊట పక్కన ఊరు, ఊరి పక్కన దండు

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో, పిల్లల్ని వెంటబెట్టుకుని ఇంతమంది వచ్చారు. చాలా సంతోషంగా ఉంది.

మనలో ఎక్కువమందిమి ఇక్కడ యూటా రాష్ట్రంలో, లీహైలోనో, సారటోగా స్ప్రింగ్స్‌లోనో, ఈగిల్ మౌంటెన్‌లోనో ఉంటున్నాం. అక్కణ్ణుంచి 73వ నంబరు రోడ్డు పట్టుకుని పడమరగా పోతే సీడర్ ఫోర్ట్ వస్తుంది. అది దాటాక ఫెయిర్‌ఫీల్డ్. 2010 జనాభా లెక్కల్లో ఆ ఊళ్ళో ఉన్నది 119 మంది. కారులో పోయేవాళ్ళకు ఊరు ఎప్పుడొచ్చిందో ఎప్పుడు వెనకబడిందో కూడా తెలియదు. నేనూ చాలా ఏళ్ళు అలాగే దాటిపోయాను.

ఒక వేసవిలో మా నాన్న వచ్చారు. ఆయన కృష్ణా కాలవ కింద వ్యవసాయం చేసిన మనిషి. కారులో కూర్చుంటే ఆయన చూపంతా పొలాల మీదే. ఆ లోయ మీకు తెలుసు కదా, ఎటు చూసినా బూడిదరంగు సేజ్‌బ్రష్ పొదలు, ఎర్రటి దుమ్ము. ఉన్నట్టుండి ఆయన, "అమ్మాయ్, కాస్త ఆపు. ఇంత ఎండు నేలలో ఆ చెట్లేంటి అంత పచ్చగా? ఇక్కడెక్కడో ఊట ఉంది" అన్నారు. దిగి చూస్తే నిజంగానే ఉంది. ఎండాకాలం నడిమధ్య నేలలోంచి చల్లటి నీళ్ళు ఉబికి వస్తున్నాయి. ఆయన గట్టు మీద కూర్చుని దోసిట్లో నీళ్ళు తీసుకుని వాసన చూశారు. "ఊరు ఇక్కడ పుట్టింది" అన్నారు.

నేను అప్పటికి ఆ ఊరి గురించి చదివిందంతా సైన్యం కథే. అక్కడున్న పార్కు సైన్యం పేరు మీదే ఉంది, పుస్తకాల్లోనూ ఫెయిర్‌ఫీల్డ్ అంటే క్యాంప్ ఫ్లాయిడ్ అనే పాత సైనిక విడిది పక్కన ఉన్న ఊరు. మా నాన్న మాట విన్నాక ఆ కథను ఊట దగ్గర నుంచి చదవడం మొదలుపెట్టాను. అట్లా చదివితే కథ మారిపోయింది. ఇవాళ మీకు చెప్పాలనుకున్నది అదే.

1847లో మోర్మన్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు సాల్ట్ లేక్ లోయకు వచ్చారు. ఆ తర్వాత ఎక్కడ వాగు కనిపిస్తే అక్కడ, ఎక్కడ ఊట కనిపిస్తే అక్కడ ఊళ్ళు వేసుకుంటూ పోయారు. ఈ ప్రాంతంలో వానల మీద పంట పండదు. నీళ్ళు మళ్ళించుకోవాలి, పిల్లకాలవలు తవ్వుకోవాలి, వంతులు వేసుకుని తడి పెట్టుకోవాలి. ఇది మనకు ఎవరూ వివరించక్కర్లేదు. 1855లో జాన్ కార్సన్, ఆయన సోదరులు, ఇంకొన్ని కుటుంబాలు కలిసి సీడర్ లోయలో ఈ పెద్ద ఊట దగ్గర దిగారు. భయానికి చుట్టూ గోడ కట్టుకుని ఆ గోడ లోపలే కాపురాలు పెట్టారు.

ఎవరంటే భయం అని అడగాలి. ఆ లోయ ఖాళీగా లేదు. యూట్ జాతి వాళ్ళు తరతరాలుగా తిరిగిన నేల అది. గడ్డి గింజలు ఏరుకునేది అక్కడే, వేటాడుకునేది అక్కడే. ఆ ఊటలో నీళ్ళు తాగిన మొదటి మనుషులు వాళ్ళు. మోర్మన్ల పశువులు వచ్చి ఆ గడ్డిని మేసేశాయి, గింజ మిగల్లేదు. అదే 1855లో మిడతల దండు పంటల మీద పడి యూటా అంతటా నష్టం చేసింది. ఆ వెనకే వచ్చిన చలికాలం చాలా గట్టిది, వేలకొద్దీ పశువులు మంచులో చచ్చిపోయాయి. కొత్తగా వచ్చినవాళ్ళకూ తిండి లేదు, పాతవాళ్ళకూ లేదు. టింటిక్ అనే యూట్ నాయకుడి మనుషులు ఆకలికి పశువుల్ని తోలుకుపోయారు. 1856 ఫిబ్రవరిలో వాళ్ళ మీదికి ఇటునుంచి మనుషుల్ని పంపారు. రెండు వైపులా ప్రాణాలు పోయాయి. దాన్నే టింటిక్ యుద్ధం అంటారు. ఇవాళ ఆ పేరుతో పక్కన లోయ ఉంది, కొండలు ఉన్నాయి. చరిత్ర పుస్తకాల్లో ఆయన పశువుల దొంగగా మాత్రమే కనిపిస్తాడు. ఆకలితో ఉన్న జనానికి పెద్దగా ఆయన ఆ పని చేశాడని నేను అనుకుంటాను. ఆ మాట కూడా పక్కన రాసి ఉండాల్సింది.

సరే, ఊరికి రెండేళ్ళు నిండాయి. 1857లో వాషింగ్టన్‌లో ప్రెసిడెంట్ బుకానన్ ఒక నిర్ణయం తీసుకున్నాడు. మోర్మన్ల మతపెద్ద, యూటా గవర్నరుగా కూడా ఉన్న బ్రిగమ్ యంగ్‌ను తీసేసి ఆల్ఫ్రెడ్ కమింగ్‌ను పెడుతున్నామని, వాళ్ళు ఒప్పుకోకపోతే ఎలా అని కూడా దాదాపు 2,500 మంది సైనికుల్ని పంపాడు. దీన్ని యూటా యుద్ధం అంటారు. ఆ వివరాల్లోకి నేను ఎక్కువ పోను. మోర్మన్ల దళం ఒకటి సైన్యం సరుకు బళ్ళను తగలబెట్టింది. సైన్యం ఆ చలికాలమంతా ఫోర్ట్ బ్రిడ్జర్ దగ్గర మంచులో చిక్కుకుంది. అదే 1857 సెప్టెంబరు 11న, ఇక్కడికి చాలా దక్షిణాన మౌంటెన్ మెడోస్ దగ్గర కాలిఫోర్నియా పోతున్న 120 మంది దాకా ప్రయాణికులను అక్కడి మోర్మన్ దళం వాళ్ళు చంపేశారు. వాళ్ళలో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. యుద్ధ భయం మనుషుల చేత ఎంత పని చేయిస్తుందో అక్కడ కనిపిస్తుంది.

1858లో రాజీ కుదిరింది. సైన్యం రావచ్చు గానీ సాల్ట్ లేక్ సిటీలో ఉండకూడదు. అప్పటికే జనం 30,000 మంది దాకా ఇళ్ళు వదిలి ప్రోవో వైపు వెళ్ళిపోయారు. సైన్యం మాటకు కట్టుబడకపోతే తగలబెట్టడానికి ఇళ్ళ నిండా ఎండుగడ్డి పరిచి పెట్టుకున్నారు. జూన్ 26న సైన్యం ఖాళీ ఊరి వీధుల్లోంచి నడిచి అవతలికి పోయింది. వీధిలో ఒక్క పిల్లవాడు లేడు. పక్కన కాలవల్లో పారే నీళ్ళ చప్పుడు మాత్రం వినిపించి ఉంటుంది.

మరి ఎక్కడ దిగాలి? సాల్ట్ లేక్ సిటీకి, ప్రోవోకి రెంటికీ దూరంగా ఉండాలి, కావాలంటే రెండు చోట్లకూ చేరుకునేంత దగ్గరగానూ ఉండాలి. వంటచెరకు దొరకాలి. వేల పశువులకు గడ్డి ఉండాలి. అన్నిటికన్నా ముందు నీళ్ళు. సైన్యానికి నాయకుడు ఆల్బర్ట్ సిడ్నీ జాన్‌స్టన్. ఆయన ఎంచుకున్నది సాల్ట్ లేక్ సిటీకి 40 మైళ్ళ దూరంలో ఉన్న ఈ లోయ. విడిది వేసింది కార్సన్ వాళ్ళ ఊట పారే కాలవకు అవతలి గట్టున. సైన్యం వచ్చినందుకు ఊరు పుట్టలేదు. ఊరు ఉన్న చోటికి, ఆ నీళ్ళ కోసం, సైన్యం వచ్చింది. మా నాన్న కారులోంచి చూసి పసిగట్టింది ఇదే.

జులైలో దిగి నవంబరు కల్లా విడిది కట్టేశారు. అప్పటి యుద్ధ మంత్రి జాన్ ఫ్లాయిడ్ పేరు పెట్టారు. 400 దాకా కట్టడాలు. చెక్క తక్కువ, కాబట్టి ఎక్కువ భాగం పచ్చి ఇటుకలే. బంకమట్టిలో కోసిన గడ్డి కలిపి, నీళ్ళు పోసి, కాళ్ళతో తొక్కి, చెక్క అచ్చుల్లో వేసి ఎండబెట్టడం. మన ఊళ్ళల్లో ఎడ్లచేత అడుసు తొక్కించి గోడలు పెట్టినట్టే. ఆ ఇటుకలు వేయడానికి చుట్టుపక్కల ఊళ్ళ మోర్మన్లు కూలికి వచ్చారు. నిన్నటిదాకా ఎవర్ని ఆపడానికి లోయ మలుపుల్లో రాళ్ళు పేర్చి కాపలా కాశారో, ఇవాళ వాళ్ళ గదులకు ఇటుకలు తొక్కుతున్నారు. కోటి విద్యలూ కూటి కొరకే అన్నారు పెద్దలు. మిడతలు తిన్న పొలం, ఒక చలికాలంలో పోయిన పశువులు, వేసవిలో వదిలేసి వచ్చిన ఇల్లు, ఇవన్నీ ఉన్నవాడు ఆ కూలి ఎందుకు కాదంటాడు?

మన ఊళ్ళ పేర్ల చివర పాలెం అని ఉంటుంది కదా, పాళెం అంటే పాత మాటల్లో దండు విడిసిన చోటు. దండు పోయినా పేరు మిగిలింది. హైదరాబాదు వాళ్ళు సికింద్రాబాదును ఇప్పటికీ లష్కర్ అంటారు, లష్కర్ బోనాలు అంటారు. సైన్యం ఎక్కడ దిగితే అక్కడ బజారు పుడుతుంది. ఫెయిర్‌ఫీల్డ్‌లోనూ అదే జరిగింది. రెండొందల మంది కూడా లేని ఊరు. అవతలి గట్టున మూడు వేలకు పైగా సైనికులు. వాళ్ళ వెంట బండ్లు తోలేవాళ్ళు, వడ్రంగులు, వర్తకులు, జూదగాళ్ళు. అంతా కలిపి ఏడు వేల దాకా చేరారని చెబుతారు. ఆ రోజుల్లో మొత్తం దేశంలో ఇంతమంది సైనికులు ఒక్కచోట ఉన్న విడిది ఇంకోటి లేదు. సారా కొట్లే పదిహేడు ఉండేవంటారు. ఊరికి ఫ్రాగ్‌టౌన్ అని, అంటే కప్పలూరు అని, ముద్దుపేరు కూడా వచ్చింది.

అమెరికా సైన్యంలో అప్పుడు మామూలు సిపాయి జీతం నెలకు 11 డాలర్లు. అందులో చాలామంది ఐర్లండ్ నుంచో, జర్మనీ నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. వాళ్ళ చేతిలో ఉన్నది నాణెం. యూటా రైతు చేతిలో అప్పటిదాకా నాణెం దాదాపు లేదు. గోధుమలు ఇచ్చి గుడ్డ తెచ్చుకోవడం, వెన్న ఇచ్చి మేకులు తెచ్చుకోవడం, అంతా వస్తుమార్పిడే. ఇప్పుడు గుడ్లు, వెన్న, ఉల్లిపాయలు, ఎండుగడ్డి తీసుకెళ్తే చేతిలో డబ్బు పడుతోంది. బ్రిగమ్ యంగ్‌కు ఇది నచ్చలేదు. సైన్యంతో వ్యాపారం వద్దని చెప్పిచూశారు. అయినా బళ్ళు ఆగలేదు. పెద్ద లెక్కలన్నీ సైన్యం పుస్తకాల్లో, కంపెనీల పుస్తకాల్లో ఉన్నాయి. ఒక అమ్మ డజను గుడ్లు గంపలో పెట్టుకుని కాలవ దాటి వెళ్ళి అమ్ముకొచ్చిన లెక్క మాత్రం ఎక్కడా రాసి లేదు. నాకు ఆ అమ్మ గురించే ఎక్కువ తెలుసుకోవాలని ఉంటుంది.

జాన్ కార్సన్ ఏం చేశాడో చెబుతాను. 1858లోనే ఆయన పచ్చి ఇటుకలతో, చెక్కతో రెండంతస్తుల ఇల్లు కట్టాడు. బాటసారులకు వసతి, భోజనం. దాన్ని స్టేజ్‌కోచ్ ఇన్ అంటారు, మీరు వెళ్తే ఇప్పటికీ చూడొచ్చు. చుట్టూ పదిహేడు సారా కొట్లున్న చోట ఆయన తన ఇంటి పద్ధతి తాను మార్చుకోలేదు. నాట్యాలు జరిగేవి గానీ, జంటగా చేతులు వేసుకుని గిరగిరా తిరిగే నాట్యాలు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. 1859లో న్యూయార్క్ పత్రికా సంపాదకుడు హోరేస్ గ్రీలీ క్యాంప్ ఫ్లాయిడ్ చూడటానికి వచ్చాడు. 1860 ఏప్రిల్‌లో గుర్రాల మీద ఉత్తరాలు మోసే పోనీ ఎక్స్‌ప్రెస్ మొదలైనప్పుడు ఈ ఇల్లు ఒక మజిలీ అయింది. ఆ దారి వేసింది కూడా ఇక్కడి సైన్యమే. కెప్టెన్ జేమ్స్ సింప్సన్ 1859లో ఇక్కణ్ణుంచి బయల్దేరి ఎడారి మీదుగా నెవాడాలోని జెనోవా దాకా కొలుచుకుంటూ పోయాడు. కాలిఫోర్నియా దారి రెండొందల మైళ్ళకు పైగా తగ్గింది. కార్సన్ కుటుంబం ఆ సత్రాన్ని 1947 దాకా నడిపింది. ఒక చేతి మీద నుంచి మరో చేతి మీదికి దాదాపు తొంభై ఏళ్ళు.

అంతా సవ్యంగా సాగిందని మాత్రం అనుకోకండి. పశువులు, గడ్డి, వీటి దగ్గరే తగాదా. సైన్యం పక్కనున్న రష్ లోయను తన పశువుల మేత కోసం అట్టేపెట్టుకుంది. అక్కడ మోర్మన్ల పశువుల దొడ్లు అంతకుముందే ఉన్నాయి. 1859 మార్చిలో హోవర్డ్ స్పెన్సర్ అనే కుర్రాడు తన పెదనాన్నల దొడ్డి దగ్గర ఉండగా సైనికులు వచ్చి ఖాళీ చెయ్యమన్నారు. మాటా మాటా పెరిగింది. అతను గడ్డి ఎత్తే పంగలకర్ర పట్టుకున్నాడు. సార్జెంట్ రాల్ఫ్ పైక్ తుపాకీ గొట్టంతో తల మీద కొట్టాడు. పుర్రె పగిలింది. బతకడనుకున్నారు, బతికాడు. ఆగస్టులో ఆ కేసు విచారణకు పైక్‌ను సాల్ట్ లేక్ సిటీకి తీసుకొచ్చినప్పుడు, పట్టపగలు నడివీధిలో అతన్ని కాల్చేశారు. మూడు రోజులకు చనిపోయాడు. అతని తోటి సిపాయిలు కొందరు ఆ కోపం సీడర్ ఫోర్ట్ మీద తీర్చుకున్నారు. రాత్రిపూట వచ్చి గడ్డివాములు తగలబెట్టారు.

సీడర్ ఫోర్ట్ వాళ్ళు చేసిన తప్పేంటి? ఆబోతుల పోట్లాటలో లేగదూడలు నలిగినట్టు నలిగారు. గడ్డివామి అంటే పట్నంలో పెరిగిన పిల్లలకు తెలియకపోవచ్చు. చలికాలంలో ఇక్కడ నాలుగైదు నెలలు మంచు, పశువు మెయ్యడానికి పచ్చిగడ్డి ఉండదు. వామి కాలిపోయిందంటే ఆ ఇంటి ఆవు వసంతం చూడదు. ఆవు లేకపోతే పిల్లలకు పాలు లేవు. ఒకరి పుర్రె మీద పడిన దెబ్బ చివరికి ఎవరి గిన్నె దాకా వచ్చిందో చూడండి. పైక్‌ను చంపాడని హోవర్డ్ స్పెన్సర్ మీద పెట్టిన కేసు ముప్పై ఏళ్ళ తర్వాత, 1889లో కోర్టుకు వచ్చింది. నిర్దోషి అన్నారు.

సైన్యం వైపు నుంచి చూసినా జాలి కలుగుతుంది. యుద్ధం కోసం బయల్దేరారు, యుద్ధం జరగలేదు. దుమ్ము లేస్తే పక్కవాడి ముఖం కనిపించని లోయలో మూడేళ్ళు కూర్చున్నారు. కూడబెట్టిన జీతం సారా కొట్లో పోయేది. విసుగు పోవడానికి వాళ్ళే నాటకశాల పెట్టుకుని నాటకాలు వేసుకున్నారు.

1860లో జాన్‌స్టన్ వెళ్ళిపోయాడు. అటు తూర్పున దేశం ఉత్తరం, దక్షిణం అని రెండుగా చీలి అంతర్యుద్ధానికి పోతోంది. ఏ ఫ్లాయిడ్ పేరు విడిదికి పెట్టారో ఆ ఫ్లాయిడ్ దక్షిణాది వైపు మొగ్గాడు. వెంటనే 1861 ఫిబ్రవరిలో విడిది పేరు ఫోర్ట్ క్రిటెండెన్ అని మార్చారు. జాన్‌స్టన్ కూడా దక్షిణాది సేనాపతి అయ్యాడు. 1862 ఏప్రిల్‌లో షైలో యుద్ధంలో చనిపోయాడు. ఇక్కడ ఒకే బల్ల మీద భోజనం చేసిన అధికారులు అక్కడ ఎదురెదురుగా నిలబడి కాల్చుకున్నారు.

1861 జులైలో అందరూ తిరిగి రమ్మని హుకుం. అంత సరుకు వెయ్యి మైళ్ళు వెనక్కి మోసుకుపోవడం కుదరదు. వేలం వేశారు. సుమారు 40 లక్షల డాలర్ల సరుకు లక్ష డాలర్లకు పోయింది. పిండి లెక్క ఒక్కటి చెబుతాను. నూరు పౌన్ల పిండి ఇక్కడికి చేర్చేసరికి ప్రభుత్వానికి 28 డాలర్ల 40 సెంట్లు పడింది. వేలంలో 52 సెంట్లకు అమ్ముడుపోయింది. బస్తా ధర కాదు అది, మిస్సోరీ నది నుంచి ఎడ్లబండి మీద వచ్చిన దారి ఖర్చు. ఆ దారిలో పడిపోయిన ఎడ్లెన్నో. బళ్ళు, కంచరగాడిదలు, ఇనుము, పనిముట్లు, పంచదార, పందిమాంసం, అన్నీ పాడుకున్నారు. బ్రిగమ్ యంగ్ తరఫున కూడా మనుషులు వచ్చి చాలా కొన్నారు. విడిది జెండాకర్ర ఆయనకే ఇచ్చారు. తుపాకులు, మందుగుండు మాత్రం అమ్మలేదు, అక్కడే నాశనం చేశారు. ఊళ్ళో జనం ఎన్నో రోజులు ఆ పేలుళ్ళు చెప్పుకుని ఉంటారు.

ఆ ఏడాదే సైన్యంతోపాటు బజారూ లేచిపోయింది. అక్టోబరులో తంతి తీగ సాల్ట్ లేక్ సిటీ దగ్గర కలిసింది, పోనీ ఎక్స్‌ప్రెస్ కూడా ఆగిపోయింది. ఏడు వేల మంది ఉన్నచోట పద్దెనిమిది కుటుంబాలు మిగిలాయని చెబుతారు. కొన్ని పుస్తకాలు ఇక్కడ ఊరు చచ్చిపోయిందని రాసి ఊరుకున్నాయి. నాకు ఆ మాట అసలు ఒప్పుదల కాదు. మిగిలినవాళ్ళు 1855లో దేనికోసం వచ్చారో ఆ పనికే తిరిగి వెళ్ళారు. నీళ్ళు మళ్ళించుకున్నారు, గోధుమలు వేసుకున్నారు. 1898లో పిల్లలకు బడి కట్టుకున్నారు. ఆ బడి ఇప్పటికీ నిలబడే ఉంది.

1862లో కర్నల్ కానర్ కాలిఫోర్నియా దళంతో ఇటు వచ్చినప్పుడు, విడిది కొనుక్కున్న వ్యాపారులు ఆ గోడలు ఆయనకు అమ్మజూపారు. ఆయన వద్దని ముందుకు పోయి సాల్ట్ లేక్ సిటీ పైన మెట్ట మీద క్యాంప్ డగ్లస్ పెట్టాడు. తర్వాత అదే ఫోర్ట్ డగ్లస్. యూనివర్సిటీ ఆఫ్ యూటాలో ఎమ్మెస్ చేసే మన పిల్లలు కొందరు ఉండే హాస్టళ్ళు ఆ ఫోర్ట్ డగ్లస్ నేల మీదే ఉన్నాయి. మనలో చాలామంది మొదటి ఇల్లు అదే అయ్యుంటుంది.

ఇక పచ్చి ఇటుకల సంగతి. పచ్చి ఇటుక మీద కప్పు ఉన్నంతకాలమే గోడ. కప్పుల చెక్క వేలంలో పోయాక వానకు, మంచుకు గోడలు కరిగి మళ్ళీ మట్టయ్యాయి. 400 కట్టడాల్లో ఇప్పుడు నిలబడి ఉన్నది సామాన్ల గిడ్డంగి ఒక్కటి. కాస్త దూరంలో శ్మశానం ఉంది. 84 మందిని అక్కడ పూడ్చారని లెక్క. యుద్ధంలో పోయినవాళ్ళు కాదు, జబ్బులకు, చలికి, ప్రమాదాలకు పోయినవాళ్ళు. ఐర్లండ్‌లో ఏ తల్లికి ఎప్పుడు కబురు అందిందో.

వచ్చే శనివారం పొద్దున్నే బయల్దేరితే ఎండ ఎక్కకముందే అన్నీ చూసి రావచ్చు. పార్కు వాళ్ళు సత్రం లోపలికి తీసుకెళ్ళి చూపిస్తారు. ముందు అటు పోకండి, ముందు చెట్ల దగ్గరికి పోయి నీళ్ళ దగ్గర కాసేపు నిలబడండి. తర్వాత కాలవ గట్టెక్కి అవతల చూడండి. సేజ్‌బ్రష్ తప్ప ఏమీ కనిపించదు. ఏడు వేల మంది ఉన్నది అక్కడే. మా నాన్న తిరిగి వెళ్ళేటప్పుడు చిన్న మంచినీళ్ళ సీసాలో ఆ ఊట నీళ్ళు పట్టుకున్నారు. ఎయిర్‌పోర్టులో తీసుకుపోనివ్వరు నాన్నా అంటే, ఇంటికొచ్చి మా పెరట్లో టమాటా మొక్కకు పోశారు.